రాక్షసుడి ఇంటి అడ్రసు

తెలుగులో దయ్యాల నవల రాసినవాళ్ళందరికీ ఒకే అడ్రసు తెలుసు. ఊరు దాటాలి. చెరువు కట్ట దిగాలి. కాష్టాల గడ్డ పక్కనుంచి పోవాలి. అక్కడొక గుడిసె. గుడిసె ముందు ఎముకలు, లోపల ఎర్రటి కళ్ళు, నల్లటి ఒళ్ళు, మెడలో పూసలు, నోట్లో అర్థంకాని భాష. ఆ మనిషి ఏదో చేస్తాడు. బంగళాలో ఉండే తెల్లటి పాపకు జ్వరం వస్తుంది. కథ మొదలవుతుంది.

ఆ అడ్రసు మాది. చెరువు కట్ట కింద, కాష్టాల గడ్డ పక్కన ఉండేది మా వాడ. గుడిసెల ముందు ఎముకలున్న మాట నిజమే. ఊళ్ళో చచ్చిన పశువును ఎత్తుకొచ్చి, తోలు తీసి, ఊని, ఊరికి చెప్పులూ మోటబొక్కెనలూ కుట్టిచ్చింది మా తాతలు. బొక్కెనలు ఊళ్ళోకి పోయాయి, బొక్కలు వాడలో మిగిలాయి. నలుపు ఎండలో సంపాదించుకున్నది. ఎర్రటి కళ్ళు రాత్రంతా శవం దగ్గర కూర్చున్న మనిషివి. రచయితకు అదంతా భయంగా కనపడింది. మాకది బతుకుదెరువు.

ఫాంటసీ గాలిలో పుట్టిన కథ, కులంతో దానికేం పని అనేవాళ్ళున్నారు. వాడ మీది గాలి ఊరికి సోకని దిక్కు చూసి వాడ కట్టించిన దేశం ఇది. ఇక్కడ గాలికీ కులం ఉంది. గాలిలో పుట్టిన కథకు లేకుండా ఎట్లా ఉంటుంది?

నేను ఎల్బీనగర్ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో తెలుగు టీచర్ని. సొంతూరు నల్లగొండ జిల్లా. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. మా నాయిన డప్పు కొట్టేవాడు. ఊళ్ళో ఎవరు చచ్చినా గుంత తీసేవాడు. దయ్యాల గురించి ఎప్పుడన్నా అడిగితే, ‘చచ్చినోళ్ళు ఏం జెయ్యరు బిడ్డా, బతికున్నోళ్ళతోనే పైలం’ అనేవాడు. ఆయన చదువుకోలేదు. అయినా ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకు వివరణే.

డీఎస్సీ కోచింగ్ కోసం 2012లో దిల్‌సుఖ్‌నగర్ వచ్చాను. మెయిన్ రోడ్డు వెనక సందులో లేడీస్ హాస్టల్. రూముకు ఆరుగురం, ఆరు ఇనుప మంచాలు. పగలంతా బిట్లు బట్టీ పట్టడం, రాత్రి కరెంటు పోతే నవలలు. పాత పుస్తకాల బండి మీద కొన్న క్షుద్ర నవలలు చేతులు మారి మారి అట్టలూడిపోయేవి. సెల్‌ఫోను లైటు పెట్టి ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళు దుప్పట్లు కప్పుకుని వినేవాళ్ళు. నా గొంతు బాగుంటుందని ఎక్కువగా నాతోనే చదివించేవాళ్ళు. ఒక రాత్రి శవపూజ వచ్చిన చోట పక్క మంచం పిల్ల ఆపి, ‘మీ నాయిన గుంతలు తీస్తడంటివి గదా, మీవోళ్ళకు ఇసొంటియన్నీ వస్తయట గదనే?’ అని అడిగింది. నవ్వుకుంటనే అడిగింది.

పదిరోజులకు ఆ పిల్లకు జ్వరం పట్టింది. దిండు కింద నిమ్మకాయ దొరికింది. వాంతులొస్తున్నాయని ఆమే తెచ్చి పెట్టుకున్న నిమ్మకాయ అది. టైఫాయిడ్ అని డాక్టరు రాసిన చీటీ కిటికీలోనే ఉంది. వాళ్ళమ్మ ఊరినుంచి వచ్చి, నన్ను చూసి, గడప అవతలే ఆగిపోయింది. సాయంత్రం హాస్టల్ నడిపే ఆమె నన్ను కిందికి పిలిచింది. ‘నువ్వు జేసినవని నేనంటలేను బిడ్డా. వాళ్ళు భయపడుతున్నరు’ అని మెత్తగా చెప్పి, నెల నడుమనే నాతో పెట్టె సర్దించింది. అడ్వాన్సు తిరిగి రాలేదు. ఆ పెట్టెలో ఉన్నవి రెండు జతల బట్టలు, బీఈడీ సర్టిఫికెట్టు, కులం సర్టిఫికెట్టు, సైకాలజీ నోట్సు.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. నాలుగు నెలలు నా పక్కన పడుకుని, నా పచ్చడి తిని, నా నోట్సు రాసుకున్న పిల్ల. అయినా ఆమెకు నాకంటే నవలలోని మాంత్రికుడే ఎక్కువ పరిచయస్తుడయ్యాడు. నా ముఖం మీద వాడి ముఖం అతికించిన చెయ్యి ఎవరిది? నా పేచీ ఆ చెయ్యితో.

1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. తులసి అనే చిన్న పాప మీద క్షుద్రప్రయోగం. గెలిచేది వైద్యమా మంత్రమా అని పాఠకుణ్ణి వారం వారం ఊపిరి బిగబట్టించిన నేర్పును నేను కాదనను. ఆ తర్వాత ఆ దారిన నవలలు వరసకట్టాయి. ఒక్క రచయితతో నాకు తగాదా లేదు, మొత్తం ఆ వరసతో ఉంది. వాటిలో బాధపడేది ఎవరు? కారూ బంగళా ఉన్న కుటుంబం. చెడు ఎక్కడినుంచి వస్తుంది? అడవినుంచి, కాటినుంచి, కొండజాతినుంచి, వాడనుంచి. డబ్బిచ్చి ప్రయోగం చేయించేది చాలాసార్లు ఆస్తికోసం కొట్టుకునే సొంత బంధువే. అయినా పుస్తకం మూసిన తర్వాత పాఠకుడికి ఆ బంధువు గుర్తుండడు. నల్లటి మాంత్రికుడే గుర్తుంటాడు. దౌర్జన్యం చేసేవాడు దౌర్జన్యానికి గురైనవాడిగా, గురయ్యేవాడు చేసేవాడిగా తారుమారయ్యే కథ ఇది. లోకంలో ఉన్న పీడనను తలకిందులు చేసి చూపించడానికి ఇంతకంటే పెద్ద మాయ ఏ మాంత్రికుడికి వచ్చు?

అదే 1980లలో మెదక్ జిల్లా పల్లెల్లో బాణామతి భయం పాకింది. తెలంగాణ పల్లెల్లో మంత్రాల నెపం మీద మనుషుల్ని చెట్టుకు కట్టేశారు, పళ్ళు ఊడగొట్టారు, తగలబెట్టారు. ఇదంతా పాత సంగతి అనుకోవద్దు. 2022 జనవరిలో జగిత్యాలలోని టీఆర్ నగర్‌లో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒకే ఇంటి తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ చంపేశారు. ఎరుకల కుటుంబం. నవల చదివి చంపారని నేననడం లేదు. చంపినవాళ్ళ చేతుల్లో ఏ పుస్తకమూ లేదు. కానీ బంగళాలో కూర్చుని ఇట్లాంటి వార్త చదివిన మనిషి, ‘అట్లాంటివాళ్ళు ఉంటారు మరి’ అని పేజీ తిప్పుతాడే, ఆ ‘మరి’ని తయారుచేసింది ఈ సాహిత్యం.

కొంచెం వెనక్కి పోదాం. చందమామలో విక్రమార్కుడు చెట్టుమీది శవాన్ని దించి భుజాన వేసుకుని నడుస్తుంటాడు. నెల నెలా, ఏళ్ళ తరబడి నడిచాడు. శవాన్ని మోసినందుకు ఆయన వీరుడు. అదే పని మా తాత చేస్తే అంటరానివాడు. ఇక హరిశ్చంద్ర నాటకం. కాటిసీను వచ్చిందంటే జనం ఏడుపు ఆపుకోలేరు. ఎందుకు ఏడుస్తున్నారు? రాజైనవాడు కాటికాపరి పని చేయాల్సి వచ్చింది, అదీ ఘోరం. మరి వీరబాహుడు? ఆయన తాతముత్తాతలనుంచి అక్కడే ఉన్నాడు. ఆయనకోసం ఏ ఊళ్ళోనూ ఒక్క కన్నీటి చుక్క రాలలేదు. పైగా ఆ సీనులో జనాన్ని ఏడిపించే పద్యాలు గుర్రం జాషువావి. మా గొంతుతో రాజుకోసం ఏడుస్తారు.

2009లో ‘అరుంధతి’ సినిమా వచ్చింది. గద్వాల సంస్థానం కోట, జేజమ్మ, కోటలో పీడించే దయ్యం. కోడి రామకృష్ణ తీసిన ఆ సినిమాను రాష్ట్రమంతా విరగబడి చూసింది. నాకు ఆ పేరు దగ్గరే గుటక పడలేదు. అరుంధతి మా ఆడబిడ్డ. మాతంగుల బిడ్డ అని మా పురాణం చెబుతుంది. హైదరాబాదులో మా పెద్దవాళ్ళు సంఘం పెట్టుకున్నా అరుంధతీయులమనే చెప్పుకున్నారు. పెళ్ళిలో అందరూ తలెత్తి చూసే నక్షత్రం ఆమె. చూసినవాళ్ళు తల దించితే పక్కనే డప్పు కొడుతున్న ఆమె అన్నదమ్ములు కనపడరు. తెరమీద ఆ పేరు కోటలోని దొరసానికి పోయింది. ఆ కోటకు రాళ్ళు మోసినవాళ్ళు దయ్యాలుగా కూడా రాలేదు. అన్యాయంగా చచ్చినవాళ్ళే దయ్యాలవుతారన్నది నిజమైతే ఈ దేశంలో ప్రతి కోటలో, ప్రతి గడీలో తిరగాల్సింది వెట్టివాళ్ళు. కారంచేడులో 1985 జూలై 17 నాటివాళ్ళు తిరగాలి. చుండూరులో 1991 ఆగస్టు 6న గోనెసంచుల్లో కుక్కబడినవాళ్ళు తిరగాలి. మన భాషలో వచ్చిన దయ్యాల నవలల్లో వాళ్ళకు దయ్యంగా ఉండే హక్కు కూడా దక్కలేదు.

ఇది అవతలివాళ్ళ సంగతి. ఇప్పుడు మనవాళ్ళ సంగతి.

అభ్యుదయ మిత్రులు మనకొక కొలత కొట్టిపెట్టారు. ‘మీ ఆకలి రాయండి, మీ అవమానం రాయండి, అనుభవం రాయండి. ఫాంటసీలెందుకు? అవి తప్పించుకునే దారులు’ అంటారు. అంటే కల్పన వాళ్ళది, కష్టం మనది. వాళ్ళు మేడ మీద కూర్చుని లోకాలు సృష్టిస్తారు, మనం కింద నిలబడి వాంగ్మూలం ఇవ్వాలి. మనిషికి ఊహ ఉంటుందని ఒప్పుకున్నవాళ్ళు దళితుడికి మాత్రం జ్ఞాపకం ఒక్కటే ఉంటుందని ఎట్లా అనుకుంటారు? నేను ఆత్మకథకు వ్యతిరేకిని కాను. ఇప్పుడు చేస్తున్నదీ అదే. కానీ ఆత్మకథ ఒక్కటే రాసుకో అని గిరి గీస్తే, ఆ గిరికీ ఊరి పొలిమేరకూ తేడా లేదు.

హేతువాద మిత్రులది ఇంకో మాట. దయ్యాలను రాస్తే మూఢనమ్మకం పెరుగుతుందంటారు. నేను మూఢనమ్మకం దెబ్బ తిన్నదాన్ని, వాళ్ళ భయం నాకు తెలుసు. అయితే దయ్యం కథలో ఉండడం వేరు, దయ్యాన్ని ఒక కులం నెత్తిన రుద్దడం వేరు. పుస్తకం చివర మంత్రం విరిగాక ఏం మిగిలిందో చూడండి. బంగళా మళ్ళీ సుఖంగా ఉంటే అది వాళ్ళ నవల. బంగళా పునాదుల్లో ఏముందో బయటపడితే అది మన నవల.

అట్లాంటి కథలు మనకు కొత్త కాదు. మా అమ్మమ్మ జాంబపురాణం చెప్పేది. భూమి పుట్టకముందు ఆరునెలల నాడు జాంబవంతుడు పుట్టిండు అని మొదలుపెట్టేది. భూమికంటే ముందు పుట్టినవాడికి భూమి మీద సెంటు జాగా లేకుండా ఎట్లా పోయింది? దానికి జవాబే ఆ కథంతా. కామధేనువు చచ్చిపోతే దాన్ని కోసి వండమన్నది దేవతలు. వండే కుండలోంచి ఒక్క ముక్క జారి మట్టిలో పడితే, చెన్నయ్య దాన్ని తీసి ఊది మళ్ళీ కుండలో వేశాడు. ఎంగిలి చేశావని శాపం పెట్టారు. చెప్పినవాళ్ళు దేవతలు, ఊదినవాడు చెన్నయ్య, శాపం తరతరాలకు. ఇంతకంటే చీకటి కథ ఏ దేశంలో ఉంది? ఒక ఊపిరికి ఇంత శిక్షా అని మా అమ్మమ్మ అక్కడ కాసేపు ఆగేది. ఆమె దేవతలకు దండం పెట్టుకుంటూనే వాళ్ళను ముద్దాయిలను చేసేది.

ఈ కథను డక్కలివాళ్ళు మోసుకొచ్చారు. వాళ్ళలో పుట్టిన దర్శనం మొగిలయ్యకు పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ళు తిరిగాక, 2024లో, ఆయన మా ఎల్బీనగర్ అవతల తుర్కయంజాల్‌లో కూలిపని చేస్తున్నాడని పత్రికల్లో వచ్చింది. మన ఫాంటసీ ఎక్కడుందని అడిగేవాళ్ళు సాగర్ రోడ్డు మీద వెతకొచ్చు. అది ఇటుకలు మోస్తూ కనపడింది.

రాతలోనూ మనకు దారి ఉంది. భాగ్యరెడ్డి వర్మ ‘వెట్టి మాదిగ’ 1931లో హైదరాబాదునుంచే వచ్చింది. అది వాస్తవం రాసిన దారి. పదేళ్ళకు, 1941లో, జాషువా ‘గబ్బిలం’ వచ్చింది. అది ఊహ తెరిచిన దారి. గుడిలోకి రానివ్వని మనిషి తన బాధను శివుడికి ఎవరితో పంపాడు? హంసతో కాదు, మేఘంతో కాదు. ఇంట్లోకి వస్తే అరిష్టమని జనం తరిమే గబ్బిలంతో. తలకిందులుగా వేలాడే ఆ రాత్రిపిట్ట గుడిలోకి పోగలదు, మనిషి పోలేడు. తెలుగులో పీడన మీద వచ్చిన గొప్ప చీకటి ఫాంటసీ అదేనని నేనంటాను. దాన్ని మనం బడిలో పద్యాలుగా బట్టీ పట్టించి, అందులోని ఊహను వదిలేశాం. జి.కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ 2000లో వచ్చి వాడ చెప్పుకునే కథలను నవలలోకి తెచ్చింది. ఆ తర్వాతి అడుగు ఎవరు వేస్తారు?

అమెరికాలో నల్లవాళ్ళు వేశారు. ఆక్టేవియా బట్లర్ తల్లి తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసేది. ఆ బిడ్డ 1979లో ‘కిండ్రెడ్’ రాసింది. 1976 నాటి నల్ల యువతి ఒకామె ఉన్నట్టుండి వెనకటి బానిసత్వపు కాలంలోకి లాగబడుతుంది. మళ్ళీ మళ్ళీ లాగబడుతుంది. చివరిసారి బయటపడినప్పుడు ఆమె చేయి ఒకటి గోడలో ఉండిపోతుంది. బతికింది, కానీ నిండుగా రాలేదు. మొదటి తరం చదువుకున్న మనలో ఎవరికైనా ఆ చేయి సంగతి విడమరిచి చెప్పాలా? టోనీ మారిసన్ 1987లో ‘బిలవ్డ్’ రాసింది. బిడ్డ మళ్ళీ బానిస కాకూడదని తల్లే చంపుకున్న పిల్ల దయ్యమై ఇంటికొస్తుంది. ఆ దయ్యాన్ని ఏ డాక్టరూ ఏ పూజారీ పోగొట్టరు. ఆ దయ్యం ఇల్లు బానిసత్వం. రాసినామెకు 1993లో నోబెల్ వచ్చింది. ఎన్.కె.జెమిసిన్ మూడు నవలల్లో భూకంపాలను ఆపగలిగే మనుషులుంటారు. లోకం నిలబడేది వాళ్ళవల్ల. లోకం గొలుసులు వేసేదీ వాళ్ళకే. ఆ మూడింటికీ 2016, 2017, 2018లో వరసగా హ్యూగో అవార్డు ఇచ్చారు. బెంగాల్ దళిత రచయిత్రి మిమి మండల్, బట్లర్‌ను తలుచుకుంటూ రాసిన ఉత్తరాలూ వ్యాసాల సంకలనానికి ఒక సంపాదకురాలిగా ఉండి, 2018లో హ్యూగో తుది జాబితాకెక్కింది. కోల్‌కతానుంచి అక్కడిదాకా దారి ఉన్నప్పుడు ఎల్బీనగర్‌నుంచి ఉండదా?

ఉంది. నేను నా కళ్ళతో చూశాను.

2018 సెప్టెంబర్‌లో ఎల్బీనగర్‌దాకా మెట్రో వచ్చింది. నాకు 2019లో ఇక్కడ ఉద్యోగం వచ్చింది. మెట్రో స్తంభాల కింద పొద్దున్నే అడ్డా మీద కూలీలు నిలబడతారు, వాళ్ళ పిల్లలు మా బడికొస్తారు. 2021 ఆగస్టు 3 రాత్రి వనస్థలిపురం పక్కన సాహెబ్‌నగర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దించిన ఇద్దరు కార్మికులు చనిపోయారు. ఒకాయన లోపల చిక్కుకుంటే, ఆయన్ను కాపాడబోయి రెండో ఆయన పోయాడు. ఒకరి శవం కోసం రోజుల తరబడి వెతికారు. మనిషిని మురికిలోకి దించడం నేరమని 2013లోనే చట్టం వచ్చింది. పోయిన ప్రాణానికి 10 లక్షలివ్వాలని 2014లో, 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. రేటు పెరిగింది. మూత తెరుచుకుంటూనే ఉంది.

ఆ తర్వాత ఒక ఏడాది తొమ్మిదో తరగతికి ‘నీవు ఊహించిన ఒక వింత ప్రదేశం’ అని వ్యాసం ఇచ్చాను. సగం మంది చంద్రమండలం, మిగతా సగం బంగారు కోట రాశారు. డ్రైనేజీ పనిచేసే ఆయన కొడుకు ఒకడు ఇట్లా రాశాడు. మ్యాన్‌హోల్ మూత కింద ఒక ఊరుంది. దిగి తిరిగిరానివాళ్ళంతా అక్కడే ఉంటారు. వాళ్ళకు ముక్కులుండవు, వాసన తెలియకుండా వాళ్ళే కోసుకున్నారు. పైన మెట్రో పోయినప్పుడల్లా వాళ్ళ ఇళ్ళు ఊగుతాయి. రాత్రిపూట కిందినుంచి మూతలు తడతారు. చప్పుడు వినపడకుండా పైవాళ్ళు మూతల మీద కార్లు పెట్టుకుంటారు. ఒక పిల్లవాడు మాత్రం రోడ్డు మీద బోర్లా పడుకుని మూతకు చెవి పెడతాడు. చాలా చప్పుళ్ళలో ఒక దరువు గుర్తుపడతాడు.

నేను పదికి పది వేశాను. స్టాఫ్‌రూంలో ఆ కాగితం చూసిన తోటి ఉపాధ్యాయుడొకాయన, ‘దయ్యాల సినిమాలు చూసి పాడైతున్నరు మేడం. ఇట్లాంటివాటికి మార్కులేస్తే ఎట్లా? వాస్తవం రాయమనండి’ అన్నాడు. వాస్తవమే రాశాడు సార్ అన్నాను. సాహెబ్‌నగర్ పేరు చెప్పాను. ఆయన ఊరుకున్నాడు. ఆ పిల్లవాడు ఏ ఇంగ్లీషు ఫాంటసీ చదవలేదు. జాషువా గబ్బిలాన్ని మాత్రం నా క్లాసులో విన్నాడు.

చూడండి, ఆ కథలో రాక్షసుడు లేడు. మాంత్రికుడు లేడు. రాక్షసత్వం అంతా ఆ పార్కింగులోనే ఉంది. పద్నాలుగేళ్ళ పిల్లవాడు దౌర్జన్యాన్ని దాని సరైన అడ్రసుకు చేర్చాడు. పెద్ద రచయితలు నలభై ఏళ్ళుగా తప్పు ఇంటికి బట్వాడా చేస్తున్న ఉత్తరం అది.

మన నవల ఇట్లా ఉండాలని కొలత కొట్టడం నా పని కాదు. కొలతలతో విసిగిపోయే ఇది రాస్తున్నాను. రెండు మాటలు మాత్రం చెబుతాను. బతికి బయటపడడం అంటే వాళ్ళ నవలల్లో చెడును చంపి ఇంటికి రావడం. మనకు ఇల్లే చెడు పక్కన ఉంది. కాబట్టి మన నవలలో బతకడం అంటే తెల్లారేదాకా పక్కమనిషి చెయ్యి వదలకుండా ఉండడం, తెల్లారాక జరిగింది చెప్పడానికి నాలుక మిగుల్చుకోవడం. రెండోది, మన కాష్టాల గడ్డను, మన ఎల్లమ్మను, మన డప్పును భయపెట్టే సామానుగా వాడుకున్న వాళ్ళనుంచి వాటిని తిరిగి తీసుకోవాలి. దండోరా వేసి తీసుకోవాలి.

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఈ రాత్రి కూడా ఇనుప మంచాల మీద పిల్లలు సెల్‌ఫోను లైటులో ఏదో ఒక దయ్యం కథ చదువుతుంటారు. అందులో మన పిల్లలూ ఉంటారు, నవ్వుతూ అడిగే ప్రశ్నకు ఏం జవాబు చెప్పాలో తెలియక. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, గ్రూప్స్ నోట్సు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టుకోండి. మీ అమ్మమ్మను అడగండి, మీ నాయినను అడగండి, రాత్రి కాటి దగ్గర ఏం చూశారో అడగండి. వాళ్ళు చెప్పింది రాయండి. చెప్పకుండా దాచింది ఊహించి రాయండి. సంకలనాలకు పంపండి, తిప్పి పంపితే మనమే అచ్చు వేసుకుందాం. మా తొమ్మిదో తరగతి పిల్లవాడి కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. వాడు పెద్దయ్యేలోపు దానికి తోడు నాలుగు నవలలైనా రావాలి.